తిప్పినన్ని చుట్లు

ఈ పొద్దున లేచేసరికి నా పేస్‌మేకరు ఎడమ మోచేతి మడతలో ఉంది.

నిన్నటిదాకా మెడ కింది ఎముకకి దిగువన, డాక్టరమ్మ కుట్టి పెట్టిన చోటే ఉండేది. చర్మం కింద గుండ్రంగా, చిన్న అరిసె అంత. ఇప్పుడక్కడ పల్లం. కుట్టు గీత మాత్రం మిగిలింది, అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి పోయాక గుమ్మంలో మిగిలిన ముగ్గులాగ.

మోచెయ్యి ముడిచి చూస్తాను. అడ్డం పడుతోంది. చాపితే ఊరుకుంటోంది.

మా ఇంట్లో దాన్ని మిషను అంటాం. పెట్టి నలభై రెండు రోజులైంది. పెట్టిన రోజు డాక్టరమ్మ రెండు ముక్కలు చెప్పింది. ఎడమ చెయ్యి భుజం దాటి ఎత్తకూడదు. ఎడమవైపు పిల్లని ఎత్తుకోకూడదు. ఎన్నాళ్ళండీ అంటే, నేను చెప్పిందాకా అంది. ఇంకా చెప్పలేదు.

లాస్యకి పదకొండో నెల. పుట్టిన దగ్గర్నుంచీ దానికి నా ఎడమపక్కే నిద్ర. చెవి నా రొమ్ముకి ఆనించి, అక్కడేదో వింటూ నిద్రపోయేది. ఇప్పుడు వాళ్ళ నాయనమ్మ భుజం మీద నిద్రపోతోంది. నేను పక్కన కూర్చుని దాని ఊపిరి లెక్కపెడతాను. వంద దాకా లెక్కపెట్టి, నమ్మకం చాలక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాను.

"ఏంటే చేతికా బొడిపె?" అంటుంది మా అత్త వెంకాయమ్మ, కాఫీ గ్లాసు నా ముందు పెడుతూ.

"మిషనత్తా. దిగింది."

"దిగింది ఎక్కదా? ముందు కాఫీ తాగు, చల్లారిపోద్ది."

అత్త ఇవాళ హడావుడిలో ఉంది. నా ఆపరేషన్ రోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని మొక్కుకుంది, కోడలి గుండె నిలబడితే మనవరాలి పుట్టువెంట్రుకలు అంతర్వేదిలో ఇస్తానని. ఈ సాయంత్రం పంటు మీద గోదావరి దాటి, అవతల సత్రంలో పడుకుని, తెల్లారగానే గుండు చేయించాలి. లాస్య కొత్త గౌను ఇస్త్రీ అయిపోయి మంచం మీద పడుకుని ఉంది. దాని పక్కన లాస్య.

నేను డాక్టరమ్మకి ఫోను చేస్తాను.

"ఎక్కడుందమ్మా ఇప్పుడు?"

"మోచేతి మడతలోనండి."

"ఫోను అక్కడ పెట్టు."

పెడతాను. ఆవిడ దానితో ఏదో మాట్లాడుతుంది. అదీ బదులు చెబుతోంది కాబోలు, ఆవిడ ఒకసారి నవ్వుతుంది, ఒకసారి "అయ్యో" అంటుంది. తర్వాత నన్ను పిలుస్తుంది.

"తాయారూ, దాన్ని తిప్పావా నువ్వు?"

"లేదండి."

లేదండి అనగానే మిషను మోచేతిలోంచి జారి మణికట్టు దగ్గర ఆగుతుంది. గాజులకి అడ్డం రాకుండా ఒద్దికగా సర్దుకుంటుంది.

"చూడమ్మా," అంటుంది డాక్టరమ్మ. "అది లేకపోతే నీ గుండె నిమిషానికి ముప్పైసార్లు కొడుతుంది. దీపాలు పెట్టే వేళదాకా అలా నడుస్తుంది. ఆ తర్వాత ఆగుతుంది. ఆలోపు మిషను నీ దగ్గరికి రావాలి."

"ఎలా వస్తుందండి?"

"ఎటు తిప్పితే పోయిందో దానికి ఎదురు తిప్పితే వస్తుంది. ఎన్ని చుట్లు తిప్పితే పోయిందో అన్ని చుట్లూ తిప్పాలి."

"నేను తిప్పలేదు కదండి."

"తిప్పకపోతే తిప్పకు," అని ఫోను పెట్టేస్తుంది.

తిప్పాను.

ఎనిమిదో తరగతిలో ప్రార్థన వరసలో నిలబడి నిలబడి పడిపోయేదాన్ని. మూడోసారి పడ్డాక మాస్టారు మా అమ్మని పిలిపించి, పిల్ల నీరసంగా ఉంది, ఇంటి దగ్గర ఉంచుకోండి అన్నారు. నా గుండె నెమ్మదని అప్పుడు ఎవరికీ తెలియదు, నాక్కూడా. మావైపు ఇంటి దగ్గర ఉండిపోయిన ఆడపిల్ల చేతికి లేసు సూది ఇస్తారు. అప్పట్నుంచీ లేసు పువ్వులు అల్లుతున్నాను. అల్లని వేళ ఉండ చుడతాను. దారం చిలప విప్పి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిప్పుతూ, తిప్పుతూ, గుండ్రంగా వచ్చిందాకా. లేసు చేతులు ఖాళీగా ఉండలేవు. గుండ్రంగా ఏది దొరికినా తిప్పుతాయి.

లాస్యని ఒళ్ళో దిండు మీద పడుకోబెట్టి పాలిస్తానా, నా కుడి చేతికి పని ఉండదు. అది మెల్లగా పైకి పోతుంది. చర్మం కింద గుండ్రంగా ఏదో తగులుతుంది. తిప్పుతుంది. నేను చూస్తూ ఉంటాను. రోజుకి ఆరుసార్లు పాలు. ఎవరికీ చెప్పలేదు. చెబితే పిల్లని నా ఒళ్ళో పెట్టడం కూడా మానేస్తారని.

కాఫీ తాగేసి గ్లాసు కడిగి వచ్చేసరికి గది పెరిగి ఉంటుంది.

ఎందుకు పెరిగిందో నాకు తెలుస్తూనే ఉంది. ఒక గుండె దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఖాళీ ఎక్కువైంది. ఆ ఖాళీని ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. గదిలో పెడుతున్నారు. దెబ్బకో జానెడు చొప్పున గచ్చు సాగుతోంది. లాస్య మంచం ఆ చివర ఉంది. అది ఏడిస్తే నోరు తెరవడం ముందు కనబడుతుంది, ఏడుపు తర్వాత వస్తుంది.

"వస్తన్నాను బుజ్జమ్మా," అంటాను. నా మాట దాని దగ్గరికి వెళ్ళేసరికి అది ఏడుపు మానేసి కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుంటుంది.

భయం వేస్తే నాకు అల్లడం ఒక్కటే తెలుసు. గోడకి ఆనుకుని సూది తీస్తాను. ఎడమ చూపుడువేలికి దారం చుడతాను. మణికట్టు దగ్గరున్న మిషను కాసేపు చూస్తుంది. తర్వాత అరచేతిలోంచి వేలి మీదికి, వేలి మీంచి దారం మీదికి నడుస్తుంది. దారం వెంట నేను అల్లుతున్న పువ్వులోకి దిగి, సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది. పువ్వు రెప్పలు కొట్టినట్టు కొట్టుకుంటుంది.

అప్పుడు నేను, లేసు మనిషి తప్ప ఎవరూ చెయ్యని తప్పు చేస్తాను. దాని చుట్టూ ఆఖరి వరస అల్లి, ముడి వేసి, కొస తెంపుతాను. పువ్వు అయిపోతే అంతే కదా చెయ్యాలి. పువ్వులు పట్టుకెళ్ళే మనిషి సంచితో గుమ్మంలో నిలబడితే నలభై పువ్వులూ దొంతి పెట్టి ఇచ్చేస్తాను. ఆమె వీధి మలుపు తిరిగాక నా ఒళ్ళో చూసుకుంటాను. ఒట్టి సూది ఉంది.

మిషనుని గుండెకి కలిపే రెండు తీగలు నా కుట్టు గీతలోంచి బయటికొచ్చి గచ్చు మీదుగా గుమ్మం దాటి పోతున్నాయి. దారం కన్నా సన్నం. పట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి.

మా ఆయన, ఏడుకొండలు బావ, మధ్యాన్నం అన్నానికొస్తాడు. రొయ్యల చెరువుల దగ్గర నీళ్ళలో తిరిగే చక్రాలుంటాయి. అవి నీళ్ళలోకి గాలి కొడతాయి. ఆ మోటార్లు చూసుకోవడం బావ పని. గుమ్మంలోంచి నా దగ్గరికి రావడానికి ఆయనకి పావుగంట పడుతుంది. మధ్యలో ఒకచోట కూర్చుని సీసాలో నీళ్ళు తాగుతాడు.

"ఏంటే ఇల్లిలా ఉంది?" అంటాడు వచ్చి.

"బావా, మిషను పోయింది. పువ్వుతోపాటు ఇచ్చేశాను."

ఆయన తీగల్ని చూస్తాడు. నా మెడ కింద పల్లాన్ని చూస్తాడు. తల మీద తువ్వాలు తీసి దులిపి మళ్ళీ కట్టుకుంటాడు.

"నేనే తిప్పాను," అంటాను. "డాక్టరమ్మకి లేదని చెప్పాను. నేనే. పిల్ల పాలు తాగినప్పుడల్లా."

బావ ఆలోచిస్తాడు. ఆలోచించేటప్పుడు ఆయన చెయ్యి గాల్లో నట్టు బిగించినట్టు తిరుగుతూ ఉంటుంది. ఆ చేతిని నేను చూస్తాను. ఆయనా చూసుకుని ఆపుతాడు.

"మంచిదే," అంటాడు.

"మంచిదేంటి బావా?"

"ఎవడో తిప్పాడనుకో, వాణ్ణి ఎతకడానికి ఊరంతా తిరగాలి. నువ్వే తిప్పావు. తిప్పినోళ్ళు ఇంట్లోనే దొరికారు. సగం పని అయిపోయినట్టే."

"దీపాలు పెట్టే వేళదాకానే అంట బావా."

"మరి లే. కూచుంటే ఇల్లు ఇంకా పెరుగుద్ది."

గది ఆ చివర్నించి అత్త కేకేస్తుంది, లాస్యకి నీళ్ళు పోసి, గౌను తొడిగి, తను నేరుగా రేవుకి బయల్దేరతానని. పేరంటాలు మామ్మ ఇల్లు రేవు దారిలోనే ఉంది. పువ్వులన్నీ చివరికి చేరేది ఆమె ఇంటికే. ఊళ్ళో ఎవరు అల్లిన పువ్వయినా మామ్మే ఒకదానికొకటి కలిపి బట్టగా అతుకుతుంది. అక్కడ కలుద్దామనుకుంటాం.

మేం తీగల వెంట నడుస్తాం. బండి మీద వద్దంటాడు బావ, తెగుతాయని. ముందు ఆయన, తీగలు నేలకి రాసుకోకుండా మోకాలెత్తున పట్టుకుని. వెనక నేను. దెబ్బకీ దెబ్బకీ మధ్య వీధి సాగుతోంది. పక్కపక్కనే ఉండే ఇళ్ళు ఎడంగా జరిగి, మధ్యలో ఎవరిదీ కాని చోటు పడుతోంది. అందులో అప్పుడే గడ్డి మొలిచింది. ఒక మేక తీగల ముందు ఆగి, కాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి దాటుతుంది.

మలుపు దగ్గర ఒకావిడ తడి బట్టల బకెట్టుతో నిలబడి ఉంటుంది.

"ఎవరిదమ్మా ఈ తీగ? ఆరేసుకోవచ్చా?"

"నాదేనండి. చీరలొద్దండి, బరువు."

"పోనీ, పిల్లాడి నిక్కర్లు?"

"రెండు వేసుకోండి."

ఆవిడ రెండు చిన్న నిక్కర్లు వేసి, క్లిప్పులు పెడుతుంది. నా గుండెలో కాస్త చల్లగా తగులుతుంది. మేం ముందుకు పోతాం.

పేరంటాలు మామ్మ ఇంటి ముందు పంటకాలువ ఉంది. ఆమె అరుగు మీద కూర్చుని అతుకుతోంది. అతికిన బట్ట అరుగు నిండి, మెట్లు దిగి, కాలువ గట్టు దాకా పరుచుకుని ఉంది. తెల్లటి పువ్వులు, వందలు. అన్నీ ఒక్కసారి తెరుచుకుంటున్నాయి, ఒక్కసారి మూసుకుంటున్నాయి.

"రావే తాయారూ," అంటుంది మామ్మ, తలెత్తకుండా. "నీ పువ్వేనా ఈ అల్లరంతా? నేననుకుంటానే ఉన్నాను. ఇంత గట్టిగా లాగి ముడేసేది నువ్వే. మిగతావాళ్ళ ముడిలో నా సూది దూరుద్ది, నీ ముడిలో చీమ కూడా దూరదు."

"అది తీసివ్వు మామ్మా. నాకు కావాలి."

మామ్మ కళ్ళద్దాలు పైకి నెట్టి బట్ట మధ్యకి చూపిస్తుంది. నా పువ్వు అక్కడుంది. చుట్టూ ఆరు పువ్వులు, వాటి చుట్టూ పన్నెండు.

"తీద్దామనే చూశాను. అన్నిటికీ అలవాటైపోయింది. కత్తెర దగ్గరికి తెస్తే ఈ చివర పువ్వు కూడా ముడుచుకుంటంది. తప్పు కదే కొయ్యడం, కొట్టుకునేదాన్ని."

"విప్పితే?" అంటాడు బావ.

"విప్పాలంటే కొస కావాలి. కొస దీని ఒంట్లోనే ఉంది." నా కుట్టు గీత వైపు గడ్డంతో చూపిస్తుంది. "ఎన్ని చుట్లు తిప్పావే?"

"లెక్కపెట్టలేదు మామ్మా." ఈ మాట చెబుతుంటే నా గొంతు నాకే కోపం తెప్పిస్తుంది. పిల్ల ఊపిరి లెక్కపెట్టాను, సీలింగు ఫ్యాను చుట్లు లెక్కపెట్టాను, ఆసుపత్రి గోడకి పలకలు లెక్కపెట్టాను. ఇదొక్కటే వదిలేశాను.

"తిప్పేటప్పుడు పక్కన ఎవరున్నారు?"

"లాస్యే."

"మరి దాన్నే అడుగు."

"దానికి మాటలు రాలేదు కదా."

"మాటలొచ్చినోళ్ళే లెక్క తప్పుతారు," అంటుంది మామ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ.

అత్త గట్టు మీద వస్తూ కనబడుతుంది. భుజానికి సంచి, చంకలో లాస్య. కొత్త గౌనులో లాస్య ఒక గులాబీ రంగు చుక్కలాగ ఉంది. చుక్క పెద్దదవడానికి చాలాసేపు పడుతుంది. అత్త వేగంగానే నడుస్తోంది, గట్టే సాగిపోతోంది. ఈలోపు ఎండ మామ్మ అరుగు దిగి కాలువలోకి జారుతుంది.

వచ్చీ రాగానే లాస్య నన్ను చూసి రెండు చేతులూ చాపుతుంది. నేను కుడి చేత్తో దాని పాదం పట్టుకుంటాను. అంతవరకే నాకు వాటా.

అప్పుడు చూస్తాను. దాని ఎడమ చెవి మీద ఒక ఉంగరం జుట్టుంది. మిగతా తలంతా తిన్నని జుట్టు, అదొక్కటే మెలిక. పాలు తాగేటప్పుడు అది ఆ జుట్టుని వేలికి చుట్టుకుంటుంది. నేను ఒక చుట్టు తిప్పితే తనూ ఒక చుట్టు. నా చెయ్యి ఆగితే దాని చెయ్యీ ఆగుతుంది. నలభై రెండు రోజులు, రోజుకి ఆరుసార్లు. లెక్కంతా దాని చెవి మీద ఉంది.

"అత్తా, ఆ ఉంగరం విప్పాలి."

అత్త లాస్య తల మీద చెయ్యి అడ్డం పెడుతుంది.

"మొక్కుకున్న జుట్టే అది. పొద్దున్నే గుండు. దాన్ని ముట్టుకుంటే ఒప్పుకోను."

"కత్తిరించం అత్తా. తిన్నగా చేస్తామంతే."

"తిన్నగా చేస్తే ఎలాగే? ఎలా పెరిగిన జుట్టు అలాగే, చెయ్యి పెట్టకుండా ఇస్తానని మొక్కుకున్నాను నేను. అక్కడికెళ్ళి తిన్నని జుట్టు పెడితే నా మాటేం కాను?"

"అమ్మా, తాయారు గుండె ఆగిపోద్దే," అంటాడు బావ.

"నాకు తెలీదా? నాకు తెలీక మొక్కానా? ఆ మెట్ల మీద నువ్వు కూర్చున్నావా, నేను కూర్చున్నానా?" అత్త కళ్ళలో నీళ్ళు నిండుతాయి కాని కింద పడవు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీలో ఆగిపోయాయి. "మొక్కు తప్పితే ఇచ్చింది వెనక్కి తీసుకుంటాడేమోనని నాకు భయంరా."

నేను అనుకునేదాన్ని, ఈ ఇంట్లో భయం నాకొక్కదానికే ఉందని.

రేవులో పంటు కూత వేస్తుంది. ఆఖరిది. లాస్య ఉలిక్కిపడి ఉంగరం జుట్టుని వేలికి చుట్టుకుంటుంది.

అత్త ఆ వేలు చూస్తుంది. నన్ను చూస్తుంది.

"నేను మొక్కింది దేనికే?" అంటుంది మెల్లగా.

"నా గుండెకత్తా."

"గుండెకిస్తానన్న జుట్టు గుండెకే పోతంటే, మధ్యలో రేవెందుకు?"

చెప్పులు విడిచి కింది మెట్టు మీద కూర్చుంటుంది. సంచి పక్కన పెడుతుంది. లాస్యని ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చెవి నావైపు తిప్పుతుంది. పంటు మేం లేకుండా వెళ్ళిపోతుంది. దాని అల కాలువ దాకా వచ్చి, గట్టుని ఒకసారి తట్టి వెనక్కి పోతుంది.

నేను పై మెట్టు మీద కూర్చుని, కుడి చేత్తో ఉంగరం కొస పట్టుకుంటాను. ఎదురు తిప్పుతాను. ఒక చుట్టు.

బట్ట మధ్యలో మిషను నా పువ్వులోంచి లేచి పక్క పువ్వులోకి జరుగుతుంది.

"ఒకటి," అంటుంది మామ్మ.

రెండు. మూడు. బావ తీగ పట్టుకుని, వదులైనంత మేరా మోచేతికి చుట్టుకుంటున్నాడు. మిషను దాటిపోయిన పువ్వు కన్ను మూసినట్టు మూసుకుంటుంది. ముప్పై. నలభై. ఉంగరం విడేకొద్దీ జుట్టు పొడుగవుతోంది. లాస్య మెడ దాటింది, గౌను అంచు దాటింది, మెట్టు దిగింది. పిల్ల ఒంట్లో ఇంత జుట్టు ఎక్కడ దాచుకుందో. దువ్వెన తేనా అంటుంది అత్త. వద్దు, చుట్లు కలిసిపోతాయంటుంది మామ్మ.

వంద. లాస్య నా ముఖంలోకే చూస్తోంది. నేను తిప్పిన ప్రతి చుట్టుకీ ఒకసారి రెప్ప వేస్తోంది. తప్పులేదని చెబుతోంది.

రెండు వందలు. కాలువ అవతల ఒక ఇంట్లో దీపం వెలుగుతుంది. ఒక్కటే.

"అటు చూడకే," అంటాడు బావ. "వాళ్ళు ముందే పెడతారు. వాళ్ళకి తొందరెక్కువ."

మూడు వందలు. అవతల ఇంకో దీపం. మిషను బట్ట అంచు దిగి, తీగ వెంట మెట్లెక్కి వస్తోంది. మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకుంటోంది. నిక్కర్ల దగ్గర కూడా ఆగే ఉంటుంది.

మూడు వందల పన్నెండు. జుట్టు తిన్నగా అయిపోతుంది. ఇంకో చుట్టు లేదు. మిషను నా కుట్టు గీతకి బయట, ఒక్క వేలెడు దూరంలో ఉంది. చూస్తోంది.

నా గుండె ఒక దెబ్బ కొడుతుంది.

ఇంకోటి రాదు.

అది రాని చోట ఖాళీ తెరుచుకుంటుంది. నేను కూర్చున్న మెట్టుకీ లాస్య ఉన్న మెట్టుకీ మధ్య ఇంకో మెట్టు పుడుతుంది. ఇంకోటి. ఇంకో పది. అత్త ఒళ్ళో లాస్య కిందికి, దూరంగా పోతోంది. మళ్ళీ గులాబీ రంగు చుక్క అవుతోంది. చేతులు చాపి ఉంది. ఏడుపు ఇంకా నా దగ్గరికి రాలేదు.

కుడి చెయ్యి చాపుతాను. అందదు. కుడి చేతిలో జుట్టు కొస ఉంది, వదలకూడదు.

అప్పుడు నాకొకటి తోస్తుంది. చాలా మామూలు సంగతి. చెయ్యి ఎత్తొద్దన్నది మిషను ఉన్నవాళ్ళకి. మిషను నాలో లేదు. అది ఒక వేలెడు బయట ఉంది. ఈ వేలెడు మేరా నాకు ఏ పథ్యమూ లేదు.

ఎడమ చెయ్యి చాపుతాను.

నలభై రెండు రోజులు మడిచి పెట్టిన చెయ్యి. భుజంలో తుప్పు పట్టిన గడియ తీసినట్టు చప్పుడవుతుంది. మెట్లు పెరిగినంతా చెయ్యీ పెరుగుతుంది. పది మెట్లకి పది మెట్లంత, ఇరవైకి ఇరవై. గాజులు ఒక్కొక్కటీ వెనకబడతాయి. ఆఖరికి నా వేళ్ళకి గౌను తగులుతుంది. గౌనులో చంకలు. చంకల్లో వెచ్చదనం. ఎత్తుతాను.

లాస్య బరువు పెరిగింది. నాకు తెలియకుండా ఇంత పెరిగిందా అని నాకు కొంచెం కుళ్ళు కూడా కలుగుతుంది.

చెయ్యి అంత పొడుగైంది కాబట్టి మామూలుగా ఎత్తినా అది చాలా పైకి పోతుంది. మామ్మ ఇంటి చూరు దాటుతుంది. కొబ్బరి మట్టలు దాటుతుంది. కింద చీకటి పడుతోంది కాని అంత పైన ఇంకా ఎండ ఉంది. సాయంత్రం ఎండ, పాలపొంగు మీద మీగడ రంగుది. నా అరచేతిలో లాస్య ఆ ఎండలో పక్కకి తిరిగి పడుకుంటుంది. నా గుండెకి ఏ వేళదాకా గడువుందో, ఆ దీపాలు పెట్టే వేళ అక్కడికి ఇంకా రాలేదు.

మిషను కుట్టు గీతలోకి దూరుతుంది. లోపల కాసేపు అటూ ఇటూ చూస్తుంది. దాని పాత చోటు అలాగే ఉంది. కాని చెయ్యి పైకి తెరిచి ఉంది, దారి పైకి ఉంది. అది నడవడం మొదలుపెడుతుంది. భుజం దాటుతుంది. మోచెయ్యి ఎక్కడో కొబ్బరి చెట్ల ఎత్తులో ఉంది, అదీ దాటుతుంది. మణికట్టు దాటి, అరచేతి మధ్యలో, లాస్య చెవి ఆనిన చోట, చర్మం కింద ఆగుతుంది. సర్దుకుంటుంది.

కొడుతుంది.

మెట్లు ఒక్కొక్కటే మూసుకుంటాయి. వీధి దగ్గరికి జరుగుతుంది. ఎక్కడో ఇళ్ళ గోడలు మళ్ళీ ఒకదాన్నొకటి ఆనుకున్న చప్పుడు వినబడుతుంది.

"చెయ్యి దించకే అమ్మాయ్," అంటుంది అత్త కింద నుంచి, తల పైకెత్తి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. ఇన్నాళ్ళూ ఎత్తకే, ఎత్తకే అన్న మనిషి.

"దించనత్తా."

"చెయ్యి లాగుతందేమో, ఏదైనా ఊతం పెట్టరా కొండలూ."

బావ తన భుజం తెచ్చి నా మోచేతి కింద పెడదామని చూస్తాడు. అందదు. అందుకని నా వీపుకి వీపు ఆనించి కూర్చుంటాడు. కాసేపటికి అడుగుతాడు, "పడుకుందా?"

నేను లెక్కపెట్టను. అరచేతికి తెలుస్తోంది.

"పడుకుంది."

మామ్మ లేచి అరుగు గూట్లో దీపం పెడుతుంది. వెలుతురు మా పాదాల దాకా వచ్చి ఆగుతుంది.

పొలాల మీంచి కొంగలు తిరిగొస్తున్నాయి. తెల్లగా, బారుగా. కొబ్బరి తోట మీద ఒకసారి చుట్టు తిరుగుతాయి, చోటు చూసుకుంటాయి. మొదటిది నా మోచేతి మీద వాలుతుంది. రెండోది దాని పక్కన. తర్వాత అన్నీ, భుజం దగ్గర్నుంచి మణికట్టు దాకా, ఒక కాలు మడిచి, ముక్కులు రెక్కల్లో దాచుకుని, బారులు తీరి కూర్చుంటాయి. ఒక్కటీ అరవదు. నా గుండె కొట్టుకున్నప్పుడల్లా అవన్నీ కలిసి ఒక్క అంగుళం పైకి లేచి, మళ్ళీ కూర్చుంటున్నాయి.